సీడు గది వదిన

మూడో నంబరు ట్యాంకు చచ్చిపోయిందని భోజనాల వేళకి తెలిసింది. సాయంత్రానికల్లా దాన్ని చంపింది మా వదినేనని ఫ్యాక్టరీ అంతా తేల్చేసింది. విచారణ లేదు, పాడూ లేదు. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

ట్యాంకు చావడమేమిటని అడుగుతారు. చెబుతాను. మాది లైసీను ఫ్యాక్టరీ. కోళ్ల దాణాలోనూ పందుల దాణాలోనూ కలిపే పొడి అది. ఉత్త మొక్కజొన్న పెడితే కోడిపిల్ల సరిగ్గా ఎదగదట, ఇది కాస్త కలిపితే ఎదుగుతుందట. నిజానికి ఆ లైసీనును మేం తయారు చేయం. కంటికి కనిపించని సూక్ష్మజీవి ఒకటి చేస్తుంది. బెల్లపు పాకంలాంటి మొలాసిస్ తాగి, గాలి పీల్చి, లైసీను వదులుతుంది. దానికి వేడి ఎక్కువ కాకూడదు, గాలి తగ్గకూడదు, అమోనియా వేళకి అందాలి. కొత్తల్లుడికి కూడా ఎవరూ అన్ని మర్యాదలు చేయరు. రెండు మూడు రోజులకి లక్ష లీటర్ల ట్యాంకు పక్వానికి వస్తుంది. వడకట్టి, ఆరబెట్టి, పొడి చేస్తే మా ప్యాకింగుకి చేరుతుంది. బస్తాల మూతులు కుట్టే మిషను దగ్గర నేను పందొమ్మిదేళ్లుగా ఉన్నాను.

వదిన ఉండేది దీనికి పూర్తిగా అవతలి చివర. లక్ష లీటర్ల ట్యాంకుకు ముందు చిన్న ట్యాంకు, దానికి ముందు గాజు ఫ్లాస్కు, దానికీ ముందు వేలెడంత గొట్టం. ఆ గొట్టంలో పసుపుపచ్చ చారలా ఉండే సూక్ష్మజీవుల్ని తీసి ఫ్లాస్కులోకి మార్చే గదిని సీడు గది అంటాం. అక్కడ తప్పు జరిగితే ఇక్కడ నాకు కుట్టడానికి బస్తా ఉండదు.

ఆ గదిలోకి ఆవిడ చదువుకుని రాలేదు. ఇరవై ఆరేళ్ల కిందట సీసాలు కడగడానికి చేరింది. మా అన్నయ్యతో పెళ్లై అప్పటికి రెండేళ్లు. అన్నయ్య స్కూలు బస్సు నడుపుతాడు, మంచివాడే, మాట్లాడటమే తక్కువ. వదిన సీసాలు కడుగుతూ, కిటికీలోంచి చూస్తూ, అప్పటి సీడు గది పెద్దాయన చేతులు ఎలా కదులుతాయో మనసులో పెట్టుకుంది. ఒకరోజు ఆయన జ్వరంతో రాకపోతే, ఎవరూ లేక ఈవిడ చేత చేయించారు. ఆ ఫ్లాస్కు బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన రిటైరయ్యేటప్పుడు, “నా స్థానంలో ఈ అమ్మాయి తప్ప ఇంకెవరున్నా మీ ఖర్మ” అని చెప్పి వెళ్లాడు. ఇప్పుడైతే ఆ గదికి డిగ్రీ కావాలి. వదిన అక్కడ ఉన్నది ఎప్పట్నుంచో ఉంది కాబట్టి. ఒకసారి బయటికి పంపారంటే మళ్లీ లోపలికి రానివ్వరు. ఈ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు, కాచుకుని కూర్చున్న మేనేజరుకీ తెలుసు.

ఆవిడ శుభ్రత చూస్తే మనకి విసుగొస్తుంది. రోజు విడిచి రోజు గోళ్లు తీసుకుంటుంది. గాజులు వేసుకోదు, పూలు పెట్టుకోదు, మొహానికి పౌడరు రాయదు. గదిలోకి వెళ్లే ముందు స్నానం, వేరే బట్టలు, వేరే చెప్పులు, టోపీ, ముక్కుకి గుడ్డ. బర్నరు మంట దగ్గర మాట్లాడకూడదు, మాట్లాడితే తుంపర పడుతుంది. ఇరవై ఏళ్లు అలా పని చేసేసరికి ఇంట్లో కూడా నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది. నాది దానికి తలకిందులు. ప్యాకింగు హాల్లో మిషన్ల రొద. అరవకపోతే పక్కవాడికి వినపడదు. అందుకే నన్ను మైకక్క అంటారు. నా కాపురం చెడి అన్నయ్య ఇంటికి చేరాను, ఆ కథ ఇక్కడ అనవసరం. మొత్తానికి ఒకే ఇంట్లో ఒక మైకూ ఒక మౌనవ్రతమూ కాపురం చేశాయి. గొడవల్లేవు. గొడవ పడాలంటే ఇద్దరూ మాట్లాడాలి కదా.

సరే, మూడో నంబరు ట్యాంకు. పద్నాలుగు గంటలు చక్కగా నడిచింది. ఉన్నట్టుండి అమోనియా తీసుకోవడం మానేసింది. లోపల చిక్కగా ఉన్నదంతా నీళ్లలా పలచబడింది. పై గొట్టంలోంచి నురగ పొంగి మెట్ల మీదుగా కారింది. వదిన ఒక సీసాలో కొంచెం పట్టుకుని వెళ్లి రెండో రోజు చెప్పింది. “ఇందులో వేరే పురుగేదీ కలవలేదు. మనవాళ్లనే ఏదో తినేస్తోంది.” ఆవిడ ఆ సూక్ష్మజీవుల్ని మనవాళ్లు అంటుంది, పెళ్లివారి గురించి చెప్పినట్టు. సూక్ష్మజీవుల్ని కూడా తినే వైరసు ఒకటుందట, దాన్ని ఫాజు అంటారట. ఒక్కటి దూరినా చాలు, గంటగంటకీ వందలై, వేలై, ట్యాంకంతా తినేస్తుంది. మట్టిలో, మురుగులో, ఎక్కడైనా ఉంటుంది.

మా మేనేజరుకి గ్రాఫుల సారని పేరు. ఏం అడిగినా కంప్యూటరు తిప్పి గీతలు చూపిస్తాడు. ఆయన గీతలు చూపించి, “సీడులోంచే వచ్చింది. ఇంకెక్కడ్నుంచి వస్తుంది? చదువు లేని చేతుల్లో పెడితే ఇలాగే ఉంటుంది” అన్నాడు. నేను వెంటనే లేచాను. “అయ్యా, ఇరవై ఏళ్లు రాని ఫాజు ఇప్పుడే ఎందుకొచ్చింది సార్? మీరొచ్చాకే ఎందుకొచ్చింది?” అని హాలు దద్దరిల్లేలా అడిగాను. అందరూ నవ్వారు. ఆయన మొహం మాడిపోయింది. వదిన నేల చూపులు చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చాక, “నువ్వు అలా అనకుండా ఉండాల్సింది” అని ఒక్క ముక్క అంది. నాకు అదొక చిరాకు. నీ తరఫున అరిస్తే నన్నే తప్పు పడతావేంటి!

ఇంకో సంగతి. చచ్చిన ట్యాంకును ఆవిరితో బాగా మరిగించి, అందులో ఉన్న ఫాజుని చంపి, అప్పుడు వదలాలి. అది రూలు. కానీ లక్ష లీటర్లు మరిగించాలంటే బోలెడు ఆవిరి కావాలి, ఆ పూట మిగతా ట్యాంకులు ఆగిపోతాయి. గ్రాఫుల సారు గీత కిందికి దిగుతుంది. అందుకని మరిగించకుండా వెనక గోడ అవతల గుంటలోకి వదిలెయ్యమన్నాడు. గుంటలో నీరింకి, అడుగున ముద్దలాంటి మడ్డి మిగిలింది. ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు.

ఆ తర్వాత మూడు నెలల్లో నాలుగు ట్యాంకులు పోయాయి. ప్రతిసారీ వదిననే పిలిచారు. ప్రతిసారీ ఆవిడ కాగితాలు తీసుకెళ్లి, ఎన్ని పరీక్షలు చేసిందో చెప్పి, తిట్లు తిని వచ్చింది. తలుపు గొళ్లేలు తుడిచి పరీక్షించింది. గాలి గొట్టాలు, నేల, కుళాయిలు, తన గోళ్ల సందులు కూడా పరీక్షించుకుంది. దొరకలేదు. అన్నం మధ్యలో వదిలేసి లేచేది. అన్నయ్య, “మానెయ్ ఆ ఉద్యోగం” అన్నాడు. ఆవిడ కంచం తీసుకెళ్లి సింకులో ధన్‌మని పడేసింది. పెళ్లయ్యాక ఆవిడ ఇంట్లో చప్పుడు చేయడం నేను అదే మొదటిసారి వినడం.

నేను మాత్రం ఊరుకున్నానా? క్యాంటీన్లో అరిచాను, గేటు దగ్గర అరిచాను. యూనియన్ ఆఫీసుకెళ్లి, “ఆవిడ మీద ఈగ వాలినా ఊరుకోను” అని బల్ల గుద్దాను. ఎవరైనా సీడు గది పేరెత్తితే చాలు, ఉతికి ఆరేశాను. నా అంత ఆడపడుచు ఎవరికీ ఉండదని నాకు నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకో చెబుతాను. మా వరండాలో నావి పదకొండు కుండీలున్నాయి. టమాటాలు, వంగ, గులాబీలు. మంచి ట్యాంకుల్లోంచి వడకట్టిన మడ్డిని, మరిగించి ఆరబెట్టి, ఉద్యోగులకి ఎరువుగా ఉచితంగా ఇచ్చేవాళ్లు. దానంత ఎరువు లేదు. ట్యాంకులు చావడం మొదలవగానే అది ఆపేశారు. నా టమాటాలు పూత మీదున్నాయి. ఏం చేయను? మూడో నంబరు పోయిన పది రోజులకి, మధ్యాహ్నం షిఫ్టు దిగాక, వెనక గోడ దగ్గరికెళ్లి గుంటలోంచి ఒక బస్తా నింపుకొచ్చాను. బోర్డు చూశాను. బోర్డులు చాలానే ఉంటాయి మా ఫ్యాక్టరీలో, ఎవడు చదువుతాడు అనుకున్నాను. వదిన అడిగితే నర్సరీలో కొన్నానన్నాను. ఆవిడ చాదస్తంతో పడలేక అలా అన్నాను. అంతకుమించి దురుద్దేశం లేదు. టమాటాలు కోడిగుడ్లంత కాశాయి.

ఒక సెలవు రోజు, పొద్దున వాన వెలిశాక, వదిన వరండాలో బట్టలు తీస్తోంది. కళ్లద్దాలు తుడుచుకునే పసుపు గుడ్డ తీగ మీద నుంచి జారి టమాటా కుండీలో పడింది. వంగి తీసుకుంది. తీసుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత కుండీలోకి వేలు పెట్టి, మట్టి తీసి వాసన చూసింది.

“పిల్లా,” అంది. నేను పెళ్లీడుకొచ్చిన దగ్గర్నుంచి నన్ను అలాగే పిలుస్తుంది, నాకిప్పుడు నలభై నాలుగు. “ఈ ఎరువు ఎక్కడిది?”

“చెప్పాగా, నర్సరీలో...”

“నాకు తెలీదా ఈ వాసన?”

నీళ్లు నమిలాను. నమిలి నమిలి చివరికి చెప్పేశాను. ఆవిడ అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. వంటింట్లోకెళ్లి ఖాళీ మందు సీసా ఒకటి తెచ్చి, మరిగే నీళ్లతో కడిగి, చెంచాడు మట్టి అందులో వేసింది. పసుపు గుడ్డని ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నన్ను సీడు గది దగ్గరికి రమ్మని కబురొచ్చింది. లోపలికి నన్ను రానివ్వరు, కిటికీ బయట నిలబడ్డాను. ఆవిడ లోపల్నుంచి ఒక గాజు పళ్లెం ఎత్తి వెలుగుకి పెట్టింది. పళ్లెంలో మనవాళ్లు లేత పసుపు పొరలా పెరగాలి. దీంట్లో ఫాజు తిన్న చోటల్లా చిల్లులు పడి, పొరంతా జల్లెడలా ఉంది. సీసా వైపు వేలు చూపించింది, కుండీలో మట్టి అన్నమాట. తర్వాత ఇంకో పళ్లెం ఎత్తింది. దాంట్లో పొర బాగానే ఉంది, మూడే మూడు చిల్లులు. ఒకటి, రెండు, మూడు అని వేలితో చూపించి, తన కళ్లద్దాలు ముట్టుకుంది. బట్టలు మార్చేది, చెప్పులు మార్చేది, తల నుంచి పాదాల దాకా కడుక్కునేది. కళ్లద్దాలు ఎవరు మారుస్తారు? లోపలికి వెళ్లే ముందు రోజూ ఆ గుడ్డతో తుడుచుకునేది. ఆ గుడ్డ రోజూ నా కుండీల మీద ఆరేది. అద్దం అవతల ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడో నంబరు ఎలా పోయిందో ఎవరికీ తెలీదు, ఎప్పటికీ తెలీదు కూడా. కానీ ఆ తర్వాత నాలుగూ నా బస్తా చలవే.

ఆ సాయంత్రం కుండీలన్నీ నేనే గోనెల్లో కట్టి పారేశాను. ఇంటికొచ్చేసరికి వదిన బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది.

“ఏం రాస్తున్నావ్?”

“రిపోర్టు.”

“నీకేమైనా మతిపోయిందా వదినా? కుండీలు పోయాయి. ఆ గుడ్డ కాల్చెయ్. రేపట్నుంచి ట్యాంకులు వాటంతటవే బాగుపడతాయి. నీ మీద మాట పోతుంది. ఎవడికి తెలుస్తుంది?”

“గుంట అక్కడే ఉంది కదా. ఎండితే దుమ్మై లేస్తుంది. ఇంకెవరైనా తీసుకెళ్తారు. రేపు ఇంకో ట్యాంకు పోతుంది, ఇంకొకరి మీద పడతారు.” పెన్ను ఆపలేదు. “గుంటలో సున్నం పోయించాలి. చచ్చిన ట్యాంకు మరిగించకుండా వదలకూడదు. ఫాజుకి లొంగని జాతి కంపెనీ పెద్దాఫీసులో ఉంది, అది తెప్పించాలి. ఇవన్నీ రాయాలంటే ఫాజు ఎక్కడ దొరికిందో రాయాలి.”

“ఇంట్లో దొరికిందని రాస్తే నిన్ను ఉంచుతారా?”

ఎంత బతిమాలినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. రెండు పేజీలు రాసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

మూడో రోజు పొద్దున షిఫ్టు మారేటప్పుడు గ్రాఫుల సారు అందర్నీ హాల్లో నిలబెట్టాడు. మేం బెంచీల మీద, ఫిట్టర్లూ బాయిలరు వాళ్లూ గోడవారన. ఆయన చేతిలో ఒకే కాగితం ఉంది. రెండో పేజీ. మొదటి పేజీలో ఆవిరి సంగతీ, మరిగించకుండా గుంటలోకి వదలమన్నది ఎవరన్న సంగతీ ఉన్నాయని వదిన తర్వాత చెప్పింది. అది ఆయన సొరుగులోనే ఉండిపోయింది.

“సీడు గది ఆవిడే స్వయంగా రాసి ఇచ్చారు, వినండి,” అని చదివాడు. “ ‘ఫాజు మా ఇంటి కుండీల్లోని మట్టిలో దొరికింది. నా కళ్లద్దాల గుడ్డ ద్వారా సీడు గదిలోకి వచ్చింది. నిషేధం ఉన్నా గుంటలోని మడ్డిని ఎరువు కోసం ఇంటికి తీసుకెళ్లింది నేనే.’ ”

నేను లేచి నిలబడి ఉన్నాను. మొదటి పేజీ ఏదిరా అని అడుగుదామని, ఆయన చదవడం మొదలుపెట్టగానే లేచాను. చివరి మాట వినేసరికి నోరు తెరిచి ఉంది, మాట లేదు. హాలంతా నా వైపు తిరిగింది. నేను లేస్తే ఏదో ఒకటి అంటానని అందరికీ తెలుసు. గ్రాఫుల సారు కూడా, “ఏమ్మా, ఏమైనా చెప్పాలా?” అన్నాడు. వదిన నా వైపు చూడలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని ఎదురుగా గోడకేసి చూస్తోంది.

“ఏం లేదు సార్,” అన్నాను. కూర్చున్నాను.

వారం తిరక్కుండా వదినని ప్యాకింగుకి మార్చారు. గుంటలో సున్నం పోశారు. పెద్దాఫీసు నుంచి కొత్త జాతి వచ్చింది. ఆవిడ రాసినవన్నీ చేశారు, ఆవిడ రాసిందని మాత్రం ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఒక్క ట్యాంకూ పోలేదు. “చూశారా, ఆవిడ పోగానే ఎంత బాగుందో” అని క్యాంటీన్లో నా చెవులతో విన్నాను. కడుపు మండిపోయింది. మండి ఏం లాభం! ఆవిరి సంగతి తియ్యాలంటే గుంట సంగతి రావాలి, గుంట సంగతి వస్తే బస్తా సంగతి రావాలి. నా నోటికి నేనే తాళం వేసుకున్నాను.

ఇంట్లో ఒకరోజు అడిగాను. “అలా ఎందుకు రాశావ్ వదినా? నేనే తెచ్చానని ఎందుకు రాయలేదు?”

“నీ పేరు రాస్తే దొంగతనమని నిన్ను తీసేస్తారు. నేనైతే పాత మనిషిని, మార్చి ఊరుకుంటారు.” బట్టలు మడతపెడుతూ చెప్పింది. “అలాగని నీ మీద కోపం లేదనుకోకు. చాలా ఉంది. నాకు ఆ గది తప్ప ఏదీ చేతకాదు.”

“రేపే వెళ్లి చెప్పేస్తా.”

“వద్దులే.”

ఆ ‘వద్దులే’ని నేను గట్టిగా పట్టుకున్నాను. రెండు వారాలకోసారి, చెప్పేస్తాననేదాన్ని. వద్దులే అనేది. నాకు హాయిగా ఉండేది. నేను సిద్ధమే, ఆవిడే వద్దంటోంది, నేనేం చేయను!

ఇప్పుడు ఆవిడ నా పక్క మిషను మీద కుడుతుంది. ఆ చేతులకి ఈ పని రాదు. బస్తా బరువు లాగలేదు, కుట్టు వంకర పోతుంది, మొన్నటిదాకా ఆవిడకి దణ్ణం పెట్టిన సూపర్‌వైజరు వంకర కుట్లు విప్పించి మళ్లీ కుట్టిస్తాడు. మిషన్ల రొదలో నేను అరిచినట్టు ఆవిడ అరవలేదు. ఏదైనా కావాలంటే వచ్చి భుజం తట్టి చూపిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆ సూపర్‌వైజరు అందరిముందూ ఆవిడ కుట్టిన పదిహేడు బస్తాలు తిప్పి పంపాడు. “సీడు గదిలో కూడా ఇలాగే చేశావా?” అన్నాడు. నాకు రక్తం తలకెక్కింది. వదిన దగ్గరికెళ్లి చెవిలో అరిచాను. “ఇక చాలు. ఇప్పుడే సారు గదికి వెళ్తున్నా. అంతా చెప్పేస్తా!”

ఆవిడ మిషను ఆపేసింది. స్విచ్చు తీసి, స్టూలు మీద నా వైపు తిరిగి కూర్చుంది. నా మొహంలోకి సూటిగా చూసింది.

“వెళ్లు,” అంది. “చెప్పు.”

మేనేజరు గది హాలుకి ఆ చివరే. తలుపు తెరిచే ఉంది, లోపల లైటు వెలుగుతోంది, ఆయన ఉన్నాడు. ముప్పై అడుగులుంటాయేమో. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని నేను కదిలి వెళ్లడం కోసం చూస్తోంది.

షిఫ్టు అయిపోవస్తోంది కదా, రేపు పొద్దున చెబుతానన్నాను.

ఆవిడ ఇంకాసేపు అలాగే చూసింది. తర్వాత అటు తిరిగి మిషను వేసుకుని, విప్పిన బస్తా మూతి మళ్లీ మడవడం మొదలుపెట్టింది. ఇది జరిగి ఐదు నెలలైంది. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను పిల్లా అని పిలవలేదు.